రాగి చెంబు నీళ్ళు

మా ఆయన నీళ్ళు తాగాక చెంబు బోర్లించి నాకు చూపించేవాడు. "చూడవే, చుక్క మిగల్చలేదు" అనేవాడు. రాగి చెంబులో నీళ్ళు ఒంటికి మంచివని అందరూ అంటుంటే రోజూ పొద్దున్నే నేనే పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఆయనకి ఆ వాసన గిట్టదు. అయినా నా కోసం తాగేవాడు.

ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసేవాడు. ఉన్నట్టుండి చెయ్యి వణకడం మొదలైంది. "ఏం గురూ, పొద్దున్నే వేసేశావా?" అని షెడ్డులో వాళ్ళు ఎగతాళి. మందు ముట్టని మనిషండీ ఆయన. పైగా కామెర్లొచ్చాయి. మనిషి నీరసించాడని నేను సాయంత్రం కూడా ఇంకో చెంబెడు తాగించాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. తిండిలో వచ్చే రాగిలో ఎక్కువైందాన్ని కాలేయం బయటికి తోసెయ్యాలంట. ఆ పని చేయించే జీన్ ఈయనకి పుట్టుకతోనే చెడిపోయిందంట. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడ్డదే వచ్చిందంట. రాగంతా లోపలే పేరుకుపోయిందంది.

"ఇంట్లో రాగి పాత్రలు వాడతారా?" అనడిగింది.

నేను ఆయన వంక చూశాను. ఆయనే గబుక్కున, "లేదండీ, మాకన్నీ ప్లాస్టిక్ బిందెలేనండీ" అన్నాడు.

బయటికొచ్చాక, "ఎందుకయ్యా అబద్ధం చెప్పావు?" అన్నాను.

"నిన్నేమన్నా అంటుందేమోనని" అన్నాడు.

మందులు మొదలెట్టినా అప్పటికే ఆలస్యమైపోయింది. మూడు నెలలకి పోయాడు.

ఆ రోజు డాక్టరమ్మ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. జబ్బు ఎంత చేసిందో, నా చెంబు ఎంత చేసిందో చెప్పి ఉండేది. ఇప్పుడెళ్ళి అడుగుదామంటే, పోయిన మనిషిని అబద్ధాలకోరుని చేసినట్టవుద్ది.