నడుము పేరు చెప్పి నిలబడ్డాను

నడుము నొప్పి లేనివాడికి మా ఆఫీసు గేటు తెరుచుకోదేమోనని నాకు ఎప్పటినుంచో అనుమానం. హైటెక్ సిటీ దగ్గర మొదలై ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చివరిదాకా పేర్చిన ఆ గాజు పెట్టెల్లో ఎవరిని కదిపినా వెన్నుపూసల చరిత్ర చెబుతారు. ఏ పూసకీ ఏ పూసకీ మధ్య తేడా వచ్చిందో, రెండు రాజ్యాల సరిహద్దు తగాదా వినిపించినంత గర్వంగా వినిపిస్తారు. అందుకని నాకు ఆపరేషన్ తప్పదని తేలినప్పుడు, ఆఫీసులో ఏం చెప్పాలా అని నేను పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. నడుము అన్నాను.

నాది నడుము కాదు. దానికి కాస్త కింద, కాస్త ముందు, ఎడమ పక్క. వృషణం పైనుండే నరాలు ఉబ్బిపోయి, పైకి వెళ్లాల్సిన రక్తం అక్కడే మకాం పెట్టడం. వెరికోసీల్ అంటారు. వినడానికి ఏదో పెద్ద హోటల్లో భోజనం తర్వాత తెచ్చిపెట్టే తీపి వంటకంలా ఉంటుంది. చేత్తో పరీక్ష చేసిన డాక్టరు గారు గోదావరి జిల్లా మర్యాదతో, "ఉడికిన సేమ్యా ఉంటుంది చూశారూ, అచ్చం అలా తగులుతోందండి" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సేమ్యా పాయసం బంద్. పండక్కి పక్క ఫ్లాటు వాళ్లు గిన్నె నిండా పంపితే, మా ఆవిడ మూత తీయకుండానే వాచ్‌మన్ ఇంటికి పంపేసింది.

దీని నొప్పికి ఒక పద్ధతి ఉంది. పడుకుంటే రాదు. కూర్చుంటే ఓర్చుకోవచ్చు. నిలబడితే మాత్రం వదలదు. సాయంత్రమయ్యేసరికి ఎడమ పక్క ఎవరో ఇటుక వేలాడదీసినట్టు ఉంటుంది. ఇటుక అంటే తక్కువ చెప్పినట్టే. ఇటుకల బట్టీ, బట్టీ యజమానీ, ఆయన లారీ కలిపి వేలాడినట్టు ఉంటుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గజ్జ దగ్గర చిన్న గాటు పెట్టి, ఉబ్బిన నరాల్ని ఒక్కొక్కటీ పట్టుకుని ముడేశారు. "మళ్లీ వస్తుందా?" అని అడిగితే డాక్టరు గారు, "చాలా తక్కువమందికి వస్తుందండి" అన్నారు. జీవితంలో నేను ఎక్కువమందిలో ఎప్పుడూ లేను. లక్కీ డ్రాలో తప్ప.

సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మారిపోయి ఉంది. మీట నొక్కితే బుయ్యిమంటూ పైకి లేచే కొత్త బల్ల. దాని ముందు కుర్చీ లేదు. హెచ్‌ఆర్ అమ్మాయి పూలగుత్తితో సిద్ధంగా నిలబడి ఉంది.

"సార్, స్పైన్ విషయంలో మనం చాన్స్ తీసుకోకూడదు సార్. ఫిజియో గారిని కూడా అడిగాం. కూర్చుంటేనే ప్రాబ్లం, నిలబడితే మీకు ఏమీ కాదన్నారు."

"కుర్చీ ఏదమ్మా?"

"తీయించేశాం సార్. ఉంటే టెంప్ట్ అవుతారు."

అంత ప్రేమకు అడ్డం చెప్పడం నా చేత కాలేదు. కొత్త బల్ల ముందు నన్ను నిలబెట్టి, నవ్వమని ఫొటో తీశారు. మర్నాటికల్లా అది కింద లాబీలోని పెద్ద తెర మీద ప్రత్యక్షమైంది. కింద అక్షరాలు: మీ వెన్ను, మా బాధ్యత. ఆ తెర సామాన్యమైనది కాదు. బయట ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లకు కూడా నా పళ్లు లెక్కపెట్టుకునే వీలుంది.

మొదట్లో ఇబ్బంది లేదు. ఆపరేషన్ ఫలించింది, బల్ల కొత్త, నేను హుషారు. మా టీము పిల్లలు కూడా నన్ను గాజు బొమ్మలా చూసుకున్నారు. పక్క సీటు ఖాళీగా ఉందని ఒక నిమిషం ఒరిగానా, నాలుగు దిక్కుల నుంచీ "సార్, నడుము" అనేవాళ్లు. క్యాంటీన్లో సైతం నేను కూర్చోబోతుంటే ఒకడు నా ప్లేటు తీసి ఎత్తు బల్ల మీద పెట్టాడు. సొంత కొడుకులు కూడా ఇంత శ్రద్ధ చూపరు. చూపితే ఇంట్లోంచి పారిపోవాలనిపిస్తుంది.

అలా ఉండగా ఒక సాయంత్రం ఇటుక తిరిగొచ్చింది. మొదట చిన్న పెంకు ముక్క అంతే. ఎక్కువ నడిచానేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి బట్టీ, యజమాని, లారీ అందరూ పాత అడ్రసుకే చేరుకున్నారు. ఇంటికి వచ్చి సోఫా మీద పడి, కాళ్లు గోడకు ఆనించి తలకిందులుగా టీవీ చూస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఏందయ్యా, మళ్లొచ్చిందా?"

"రాలేదు."

"రాకపోతే గబ్బిలం లెక్క గట్లెందుకు పన్నవ్? లే, దవాఖానకు పోదాం."

వెళ్లాం. చీకటి గదిలో నన్ను నిలబెట్టి, చల్లటి జెల్లు రాసి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు. నలభై ఏడేళ్లు వచ్చాక ఒక మనిషి ఇంకొక మనిషి ముందు చేయదగిన పని కాదది. పైగా తెర మీద రంగుల్లో నా రక్తం వెనక్కి పారుతోంది. డాక్టరు గారు చాలాసేపు చూసి, "కట్టినవి కట్టినట్టే ఉన్నాయండి. పక్కన సన్నటిది ఒకటుండేది. అది ఇప్పుడు పెద్ద దారి చేసుకుంది" అన్నారు.

నాకు వెంటనే అర్థమైంది. మా ఆఫీసు ముందు పోలీసులు యూటర్ను మూసేస్తే, బళ్లన్నీ పుప్పాలగూడ సందుల్లో దూరి అవతలికి తేలుతాయి. నా ఎడమ పక్క జరిగిందీ అదే. కాకపోతే అక్కడ చలాను రాసేవాడు లేడు.

"నిలబడటం వల్ల వచ్చిందాండీ?"

"దానివల్లే అని చెప్పలేమండి. కాకపోతే వచ్చినదానికి మాత్రం నిలబడటం పడదు. అయినా మీది కూర్చుని చేసే ఉద్యోగమే కదా. మీకేం ఇబ్బందండి?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీద మూత్రపిండాల పటం చూశాను.

కారులో కూర్చున్నాక ఆమె, "రేపు పోయి కుర్చీ అడుగు" అంది.

"ఏమని అడగను?"

"కూసునేతందుకు కుర్చీ కావాలె అని అడుగు. ఇంకేమని అడుగుతరు?"

ఆమెకు చెప్పినా అర్థం కాదు. కుర్చీ అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెబితే నడుము అబద్ధమని తేలుతుంది. తేలితే అసలు సంగతి అడుగుతారు. అసలు సంగతి మధ్యాహ్నం క్యాంటీన్లో పెరుగన్నంతో పాటు అందరి బల్లల మీదికీ వెళ్తుంది. అదీగాక, సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనేజరు ఒక విదేశీ బ్యాంకు ప్రాజెక్టు నాకు ఇస్తానని మాటిచ్చాడు. మా రంగంలో నలభై దాటినవాణ్ణి గుడి బయట వదిలిన చెప్పుల్ని చూసినట్టు చూస్తారు, ఉన్నాడా, పోయాడా అని. ఆ ప్రాజెక్టు చేతికొస్తే కొన్నేళ్లు నన్నెవరూ కదపలేరు. రాకపోతే ఏ ప్రాజెక్టూ లేనివాళ్ల వరసలో చేరతాను. ఆ వరసలోంచి ఇంటికి దారి చాలా దగ్గర.

కాబట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. మందుల షాపులో బిగుతు పట్టీ చెడ్డీ ఒకటి కొన్నాను. మా తాత కుస్తీకి కట్టుకున్న లంగోటీయే అది. కొత్త డబ్బాలో, కొత్త పేరుతో, కుస్తీ ఒక్కటీ లేకుండా వచ్చింది.

బ్యాంకు వాళ్లు రానే వచ్చారు. మేం తయారు చేసిందంతా పెద్ద హాల్లో ఒక తెర నుంచి ఇంకో తెరకు నడిపిస్తూ చూపించాలి. చూపించేవాణ్ణి నేనే. మొదటి తెర దగ్గర నేను సింహం. మూడో తెర దగ్గర ఒంటికాలి కొంగ. అయిదో తెర దగ్గర నా మాట నాకే వినిపించలేదు, లోపల లారీ హారను కొడుతోంది. పక్కన ప్లాస్టిక్ మొక్క ఒకటి సిమెంటు తొట్టిలో ఉంది. ఆ తొట్టి అంచు మీద కూలబడ్డాను. వెనక ప్లాస్టిక్ ఆకులు నా చెవులు గోకుతున్నాయి. ఎదురుగా బ్యాంకు వాళ్లంతా గుండ్రంగా చేరారు. వాళ్లలో పెద్దావిడ వంగి, ఏమైందని అడిగింది.

"మోకాలు" అన్నాను.

ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. నడుము అనాల్సింది. కంగారులో నా అబద్ధమే నేను మర్చిపోయాను. మా మేనేజరు నా మోకాలు చూశాడు, తర్వాత నా నడుము చూశాడు, తర్వాత మిగతా వివరాలు తనే చెప్పడం మొదలుపెట్టాడు.

కొన్ని రోజులకు నన్ను గాజు గదిలోకి పిలిచాడు. కడప వైపు మనిషి, నాకంటే బాగా చిన్నవాడు, మనసు మంచిది. నాకోసం బయటి నుంచి కుర్చీ తనే లాక్కొచ్చాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"న్నా, కోపం చేసుకోవద్దు. బ్యాంకుది మీ టీములోనే ఒక పిల్లోనికి ఇచ్చినాం."

"ఎందుకు?"

"నడుము ఆపరేషనయిండె. ఇప్పుడు మోకాలంటివి. ఈయప్ప ఆరోగ్యం బాగుందా అని వాళ్లే అడిగినారు. నేనేం చెప్పేది? రేపు వాళ్ల దేశానికి పోయి నెలలు నెలలు తిరగాల."

పోయేది పోయింది కదా అని చెప్పేశాను. గాజు గది అవతల అందరూ కనిపిస్తుంటే, పెదవులు కదలకుండా, బ్యాంకులో దోచిన సొమ్ము ఎక్కడ పాతిపెట్టానో చెబుతున్నంత రహస్యంగా చెప్పాను. నడుము లేదు, మోకాలు లేదు, ఎడమ పక్క నరాలు, మళ్లీ వచ్చింది, నిలబడలేను. ఇంక నవ్వుతాడని తల దించుకుని కూర్చున్నాను.

"ఓ, అదా" అన్నాడు. "మా తమ్మునికీ అదే కదన్నా. పెండ్లికి ముందర చేపిచ్చినాం. మా ఊర్లో అందరికీ తెలుసు."

నేను తల ఎత్తాను.

"చెప్పింటే అయిపోయిండేది కదన్నా. కుర్చీ ఏసుకోని కూర్చోనే చూపిచ్చేటోనివి. వాళ్లేమన్నా నువ్వు నిలబడేది చూసేకి వచ్చినారా?"

"ఇప్పుడు మార్చలేవా?"

"మెయిలు పోయినాది న్నా."

ఇంత పెద్ద నిధికి పాములా కాపలా కాస్తే, చివరికి అది ఎవరికీ అక్కర్లేని ఖాళీ బిందె. నవ్వి ఉంటే బాగుండేది. కనీసం దాచినందుకు ఫలితం ఉండేది. నవ్వలేదు. కాఫీ తాగమన్నాడు.

ఇంట్లో చెబితే మా ఆవిడ ఆ బిందెను ఇంకోసారి తిరగేసి చూపించింది.

"ఆయనకు చెప్పినవ్ గద. భూమి బద్దలైందా? ఇగ మళ్ల ఆపరేషన్ జేపిచ్చుకో. పనెట్లాగూ లేదు, సెలవు సులువుగనే ఇస్తరు."

ఈసారి కోత ఉండదట. సన్నటి గొట్టం లోపలికి పంపించి, కొత్తగా దారి చేసుకున్న నరాన్ని లోపలి నుంచే మూసేస్తారట. "ఇది కూడా మళ్లీ తిరిగొస్తే?" అని అడిగాను. డాక్టరు గారు ప్రేమగా నా భుజం తట్టి, "చాలా తక్కువమందికండి" అన్నారు. ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు.

ఆఫీసులో నాకు కుర్చీ వచ్చింది. మంచి కుర్చీ. చేతులు పైకీ కిందికీ కదులుతాయి, వీపు వెనక్కి వాలుతుంది, తలకు కూడా దిండు ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో కూర్చుంటాను. ముందున్న బల్ల మీద పని మాత్రం ఏమీ ఉండదు. టీము పిల్లలు ఇప్పుడు ఆ ప్రాజెక్టు కుర్రాడి చుట్టూ ఉంటారు. నేను కూర్చుంటే ఎవరూ నడుము గుర్తు చేయడం లేదు.

లాబీలో తెర మాత్రం ఎవరూ మార్చలేదు. రోజూ లిఫ్టు కోసం దాని కిందే ఆగాలి. లిఫ్టు వచ్చేలోపు ఇటుక మొదలవుతుంది, నేను గోడకు ఒరుగుతాను. పైన నా ఫొటో పళ్లన్నీ బయటపెట్టి, బల్ల ముందు నిటారుగా నిలబడే ఉంటుంది. దానికే ఇచ్చి ఉండాల్సింది ఆ బ్యాంకు ప్రాజెక్టు.