ఎడమకు గుంజే కారు

నా పాత స్పోర్ట్స్ కారు ఎప్పుడూ ఎడమకే గుంజేది. మూడుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా దాని అభిప్రాయం మారలేదు. ఆబిడ్స్‌లో బస్సెక్కి ఫోన్‌లో మా ఆవిడకు అదే మొర పెట్టుకుంటుంటే, పక్క సీటు పెద్దాయన అందుకున్నాడు.

"వెనక చక్రాలు చూసిన్రా, సార్?"

"లేదు, ముందువే."

"అందరు గంతే. వెనకది వంకరుంటే ముందటిదేం జేస్తది? రెండు దిక్కుల దారం కట్టి కొల్వున్రి."

జేబులోంచి దారం ఉండ తీసి నా చేతిలో పెట్టాడు.

"మరి మీకు?"

"ముప్పై ఏండ్లు గిదే పని జేసిన. గిప్పుడు ఒక్క దారం రెండు లెక్క కనబడ్తున్నది. కంటి దవాఖానకే పోతున్న. కండ్లు మంచిగైతే వాపసియ్యున్రి."

పేరు అడిగేలోపు నాంపల్లి వచ్చింది, దిగిపోయాను.

దారం కడితే వెనక ఎడమ చక్రం పక్కకు తిరిగి ఉందని తేలింది. సరిచేయించాను, కారు సూటిగా పోతోంది. అయినా జేబులో దారంతో అప్పుడప్పుడు ఆ బస్సే ఎక్కుతున్నాను. ఇప్పుడు నేనే ఒక పక్కకు గుంజుతున్నానంటుంది మా ఆవిడ.