మోతిని కాలువ దాటిచ్చినోడు

క్యారవాన్ అద్దం ఇట్ల జరిపిన్నో లేదో, కాలువ వాసన గుప్పుమని మొకానికి కొట్టింది. మురుగు, సబ్బునురుగు, తడి గడ్డి, ఎక్కడ్నో కాలవెడుతున్న ప్లాస్టిక్ అన్నీ కలిసిన గబ్బు. "అక్కా, బంజెయ్, ఏసీ బోతది" అని మా శీను ముక్కు మూసుకొని మొత్తుకున్నడు. శీను మా చిన్నాయన కొడుకు. ముక్కు మూసుకునేటోడు కాలువ గట్టు మీద బండి ఎందుకు ఆపాలె? హాలిడే అంట! పొయ్యి, పడక, ఫ్రిజ్జు అన్నీ లోపట్నే ఉన్న ఇంత పెద్ద బండి కిరాయికి తెచ్చి, ముసలి చిన్నాయనను మెత్త సీట్ల కూసోబెట్టి, "చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుందాం రా అక్కా" అని నన్ను బతిమిలాడి ఎక్కిచ్చుకొని, ఉప్పల్ చౌరస్తా దాటేసరికే సగం పొద్దు గుంజి, ఘట్‌కేసర్ అవతల ఈడ ఆగిండు. చిన్నాయనతోని ఒక్క చాప మీద కూసునేదాన్ని గాదు నేను. ఎందుకొచ్చిన్నో నా మీద నాకే ఒళ్లు మండింది.

"నీకు కుక్కలంటే పాణం గదా, జర బ్రూనోను తిప్పుకరా" అని శీను తాడు నా చేతుల బెట్టిండు. మెడకు రంగు పట్టీ, ఒంటికి అంగీ, కాళ్లకు మట్టి అంటితే తుడవనీకి వేరే తువ్వాల. దాని తప్పేం లేదు పాపం, గాని ఆ సోకు జూస్తే నాకు చిన్నప్పటి నా కుక్క మోతి యాదికొచ్చింది. చిన్నాయన మొకం తప్పుతదని దిగి, గట్టు పట్టుకొని నడిసిన.

ఈ కాలువ నాకు కొత్త గాదు. మూసీకి అడ్డంగ కట్టిన కత్వ కాడ మొదలై, ఉప్పల్ కింది మా పొలాల్ల నుంచి, పీర్జాదిగూడ మీదుగ ఈ దిక్కే పారుతుండె. అప్పుడు గూడ అది పన్నీరేం గాదు, పట్నం మురుగే, గాని ఆ నీళ్లకే మా తోటకూర, పాలకూర, బర్లకు కోసే గడ్డి మోకాలెత్తు లేసేది. మా నాయిన నాచారంల ఫ్యాక్టరీకి పోయేటోడు, సైరన్ కూసిందంటే సద్దిడబ్బ సైకిల్‌కు తగిలిచ్చేటోడు, అమ్మ తెల్లారగట్ల కూర కట్టలు గట్టి నెత్తిన బెట్టుకొని అంగడికి పోయేది. వానకాలం మక్కకంకులు కాల్చుకొని నల్లటి మూతులతోని బడికి పోయెటోళ్లం, బతుకమ్మ దినాలల్ల ఇదే గట్టు మీద గునుగుపూలు, తంగేడుపూలు తెంపుకొచ్చి కుప్ప పోసెటోళ్లం, సద్దుల నాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీదముద్ద చేతుల బట్టుకొని చిర్రగోనె ఆడే పోరగాండ్ల ఎంబడి ఉరికెటోళ్లం. నా ముద్దల సగం మోతిది. గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి వాలి ఉండేది. నేను పోయిన కాడికల్లా ఒచ్చేది, బడి గోడ కింద నాకోసం పండుకునేది.

కాలువ నీళ్లకు వంతులుండె. ఎవరి వంతు ఎప్పుడో నీరటాయన చెప్పేటోడు, ఆ పూట వాళ్లు గట్టు కోసి, మడవ ఇప్పి, తమ మడికి నీళ్లు మలుపుకోవాలె. నాయిన డ్యూటీల ఉన్నప్పుడు మా వంతొస్తే అమ్మ మడవ ఇప్పి, పక్కన నాయిన పాత తువ్వాల పరిచి మోతిని కూసోబెట్టేది. ఇగ అది లేస్తె ఒట్టు. మా మడి కిందనే చిన్నాయన మడి. నాయినకు సొంత తమ్ముడే, గాని నీళ్ల కాడ అన్నలేదు తమ్ముడులేదు. ఒకనాడు పగటిపూటనే పార పట్టుకొని మా మడవ పూడ్చనీకి ఒంగిండు. మోతి మొరగలేదు, కరవలేదు, ఎనక నుంచి పోయి ధోతి కొంగు పట్టి గుంజింది. ధోతి ఊడి కాలువల పడ్డది. గడ్డి కోసే ఆడోళ్లంత కొడవండ్లు కింద పడేసి నవ్విన్రు. నేను గూడ కడుపు పట్టుకొని నవ్విన. చిన్నాయన తడిసిన ధోతి ఏరుకొని చుట్టుకున్నడు. మోతి దిక్కు జూసిండు, అంతే.

మావోళ్లది ఒక నమ్మకం ఉండె. కుక్కనైనా పిల్లినైనా సంచిల కట్టి పారే నీళ్లు దాటిస్తే తొవ్వ మరిచిపోతదని. నాలుగొద్దులకు మోతి కనవడలే. చిన్నాయన గడ్డి లారీ ఎక్కి, గోనెసంచి పక్కన బెట్టుకొని ఘట్‌కేసర్ దిక్కు పోయిండని వాడంత తెలుసు. దాసిపెట్టలే గూడ. "కాలువ దాటిచ్చిన, ఇగ రాదు పో" అని అరుగు మీద కూసొని మీసం దువ్వుకుంట చెప్పిండు. నాయిన తమ్మునితోని మాటలు బంజేసిండు. నేను గోడకు మొకం బెట్టి ఏడ్సిన. ఆ వారంలనే నా పచ్చ గౌను పోయింది, తాడు మీద ఆరేసింది మాయమైంది. "కొత్త గౌను ఎక్కడ పారేసినవే?" అని అమ్మ వీపు మీద సాపుసాపున కొట్టింది. ఏడ్సే మొకానికి ఇంకో ఏడుపు.

మోతి ఒచ్చింది. చిన్నాయన తెలివి ఎంతనో సూడున్రి, ఆయన దాటిచ్చింది మా కాలువనే! పుట్టినప్పటి సంది ఆ నీళ్లు తాగి, ఆ గట్టు మీద పండుకున్న కుక్కకు అదే తొవ్వయ్యింది. గట్టు వట్టుకొని ఎదురు నడిసి, కాళ్లు పుండ్లై, పక్కబొక్కలు తేలి, ఒక పొద్దుమీకి మా మడవ కాడికొచ్చి కూలవడ్డది. నేను "మోతీ" అని ఉరికిన. నా వాసన తగలంగనే అది పండ్లు బయటవెట్టి గుర్రుమన్నది. తోక కాళ్ల సందున పెట్టుకొని ఎనక్కి జరిగింది. అమ్మ బువ్వ పెడితే తిన్నది, నాయిన నిమిరితే కండ్లు మూసింది. నన్ను మాత్రం రానియ్యలే. మలీదముద్ద పెట్టిన, అలిగిన, కాళ్ల మీద పడ్డ. సచ్చిపోయేదాక నా చేతి ముద్ద ముట్టలేదది. నేనేం జేసిన, నన్నెందుకు కాదన్నది అని పెండ్లై పిల్లలు పుట్టినంక గూడ నాకు ఆరాటం తీరలే.

"గీడనే కదనే ఇడిసింది!"

ఎనక్కి తిరిగితే చిన్నాయన. కట్టె పొడుసుకుంట గట్టెక్కిండు. బోసినోరు తెరిసి నవ్వుతుండు.

"ఏంది?" అన్న.

"నీ కుక్కనే బిడ్డ. మస్తు తిప్పలు వెట్టింది. బువ్వ జూపిచ్చినా సంచిలకు రాదాయె. ఇగ తాడు మీదున్న నీ పచ్చ గౌను తీస్కపోయి సంచిల ఏసిన. నీ వాసన జూసి అదే తోక ఊపుకుంట దూరింది. ఎట్లుంది నా తెలివి?"

నా చేతిల తాడు జారింది. బ్రూనో పోయి ఆయన చెప్పులు నాకుతుంది.

"నీ నోట్లె మన్ను వడ! పసిపిల్ల గౌను దొంగిలిస్తివా?"

"అబ్బో, కుక్క ముచ్చటకు ఇంతనా? నవ్వుకుందామని చెప్పిన. జర చెయ్యందియ్యి, దిగుత" అని చెయ్యి సాపిండు.

నేను చెయ్యియ్యలే. శీను ఉరికొచ్చి తండ్రిని పట్టుకున్నడు. నేను పడమర దిక్కు, ఉప్పల్ దిక్కు, గట్టు వట్టుకొని నడిసిన. ఆ దిక్కు ఇప్పుడు మడవల్లేవు, నీరటాయన లేడు, గడ్డి కోసే ఆడోళ్ల నవ్వు లేదు, మా మడి మీద అపార్ట్‌మెంట్లు లేసి ఎన్నేండ్లాయె. గట్టు గూడ ఎక్కువ దూరం లేదు. ఎవరిదో వెంచర్ గోడ అడ్డమొచ్చింది, కాలువ దాని కింద గొట్టాలల్ల దూరింది. మోతి ఒచ్చిన తొవ్వల ఇప్పుడు ఏ కుక్కా ఇంటికి రాలేదు.

"అక్కా, ఛాయ్ చల్లారుతుంది!" అని శీను దూరం నుంచి పిలుస్తుండు. నేను గోడ మీద చెయ్యి బెట్టి నిలవడ్డ. మోతీ, ఆ సంచిలకు నిన్ను పిలిచింది నేను గాదే.