మా అత్త పెంక గుర్తు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే మరీను. హైదరాబాద్‌లో ఆరు నెలలు గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేసి, ఒక పాత ల్యాప్‌టాప్ పట్టుకుని, ఒక గుండ్రటి కళ్లజోడు (చూపులో లోపమేమీ లేదు, అవి ఉత్త అద్దాలే) పెట్టుకుని బాన్సువాడ బస్టాండ్‌లో దిగేసరికి, ఊరు ఊరంతా నేను వచ్చి బాగుచేస్తానని ఇన్నాళ్లూ కాచుకుని కూర్చున్నట్టు అనిపించింది. కిరాణా దుకాణం బోర్డు మీద ఇద్దరు దేవుళ్లు, ముగ్గురు నాయకులు, యజమాని, యజమాని కొడుకు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మనవడు. వాళ్లందరి మధ్య ఎక్కడో ఇరుక్కుని పప్పూ ఉప్పూ. ఎరువుల దుకాణం మీద నెమలి, పంచర్ల దుకాణం మీదా నెమలే. మా కోర్సులో సారు మాత్రం బోర్డు మీద ఎంత తక్కువ ఉంటే అంత గొప్ప అని రోజూ చెప్పేవాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఏది తీసేయకూడదో ఆయన ఏదో ఒక రోజు చెప్పే ఉంటాడు, ఆ రోజు నేను క్లాసుకు వెళ్లి ఉండను.

నా మొదటి కస్టమర్ మా మేనత్త. మా మామ పోయాక ఆమె మా ఇంటి వెనక గదిలో ఉంటూ, చేత్తో తట్టిన జొన్న రొట్టెలు కట్టెల పొయ్యి మీద కాల్చి గడప దగ్గరే అమ్మేది. ఆ దసరాకు ధైర్యం చేసి, బీర్కూర్ బస్సు ఆగే చోటికి ఎదురుగా ఒక చిన్న షట్టరు కిరాయికి తీసుకుంది. మా నాన్నకు అది నచ్చలేదు. చెల్లెలు బస్టాండ్‌లో రొట్టెలమ్మడం ఏమిటని రెండు రోజులు గొణిగి, చివరికి శివరాత్రి దాకా చూస్తానని, అప్పటికీ నడవకపోతే తాళం వేసి ఇంటికి రావాల్సిందేనని తేల్చేశాడు. అన్న మాటకు ఎన్నడూ ఎదురుచెప్పని అత్త ఆ రోజూ చెప్పలేదు. కానీ ఆ తాళం మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయిందని మాకందరికీ తెలుసు.

బోర్డు సంగతి వచ్చినప్పుడు అత్త అడిగింది చాలా తక్కువ. తన పేరు ఎర్ర రంగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. జాగా మిగిలితే ఎల్లమ్మ తల్లి, ఇంకా మిగిలితే రెండు చిలుకలు. నేను నవ్వి (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి) ఆమెకు బ్రాండింగ్ అంటే ఏమిటో గంటసేపు చెప్పాను. పేరుతో పనేముంది, ఒక్క బొమ్మ చాలు, చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది అన్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఇది ఆమె కోసమే అన్నట్టు గొప్పలు పోయాను కూడా. తెల్లటి బోర్డు, మధ్యలో నల్లటి గీతలతో ఒక పెంక, అంటే రొట్టెలు కాల్చే పెనం, దాని మీద గుండ్రంగా ఒక రొట్టె. అంతే. ఆ ఫైలు పంపితే ఫ్లెక్సీలు అచ్చువేసే అన్న గంట తర్వాత ఫోన్ చేసి, "మిగతాది ఎప్పుడు పంపుతవ్ తమ్మీ?" అని అడిగాడు.

బోర్డు ఎక్కించిన రోజు అత్త కింద నిలబడి చాలాసేపు చూసింది. మంచిగుంది బిడ్డా అంది. తర్వాత, నా పేరు కింద వస్తదా అని మెల్లగా అడిగింది. రాదన్నాను. ఆమె కొంగు దోపుకుని లోపలికి వెళ్లి పిండి కలుపుకుంది.

మొదటి మూడు రోజులు జనం వచ్చి బోర్డు ముందు ఆగడం, తల పైకెత్తి చూడటం, ఏదో గుసగుసలాడుకుని వెళ్లిపోవడం. నా కళను చూసి నోట మాట రావడం లేదనుకున్నాను. నాలుగో రోజు బీర్కూర్ బస్సు దిగిన ఒక ముసలాయన అత్తను ఏ వార్డు అని అడిగాడు. ఇల్లెక్కడో అడుగుతున్నాడనుకుని ఆమె మా వార్డు నంబరు చెప్పింది. ఆయన తృప్తిగా తలూపి, రొట్టె కొనకుండానే వెళ్లిపోయాడు. అప్పటికీ నాకు వెలగలేదు. మున్సిపల్ ఎన్నికలు వస్తున్నాయని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులవి. మా ఊళ్లో తెల్లటి జాగాలో నల్లటి గీతలతో ఒంటరిగా ఒక వస్తువు బొమ్మ ఉందంటే దానికి ఒకటే అర్థం, అది ఎన్నికల గుర్తు. పైగా ఆ ఏడు మా వార్డు మహిళలకు వచ్చింది. నామినేషన్లే మొదలు కాలేదు కదా, గుర్తెట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే, పైనుంచి తెచ్చుకున్నదట అని చెప్పుకున్నారట.

ఆ వార్డులో నిలబడబోయేది మేం కండువా పటేల్ అనుకునే పెద్దమనిషి భార్య. ఆయన ఒక పొద్దున నలుగురిని వెంటేసుకుని దుకాణానికి వచ్చాడు. బల్ల మీద కూర్చుని, పచ్చిమిరపకాయల తొక్కుతో రెండు రొట్టెలు తిని, చేతులు కడుక్కుని అప్పుడు మాట్లాడాడు.

"అక్కా, నీ ఇష్టం నీది, నేనెందుకు వద్దంట? గని ముందుగాల నాతోటి ఒక్క మాట చెప్పకపోతివి. గదే బాధైంది."

దుకాణం మొదలుపెట్టినప్పుడు పిలవలేదని ఆయన అలిగాడనుకుంది అత్త. "తప్పైంది పటేలా. గా ఉరుకులాటల యాది మర్చిన. ఇగ మీ అందరి దయ ఉంటే నడుస్తది" అని చేతులు జోడించింది. పటేల్ ముఖం మాడిపోయింది. ఇంత పచ్చిగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు పాపం.

మర్నాటి నుంచి పటేల్ మనుషులెవరూ మా దుకాణం వైపు రాలేదు. వాళ్లకు కనబడితే తంటా అని మిగతావాళ్లూ రాలేదు. వచ్చినవాళ్లు వెనక నుంచి వచ్చి, నా ఓటు నీకే అక్కా అని అత్త చెవిలో చెప్పి, అంతే రహస్యంగా వెళ్లిపోయారు. అత్తకు విషయం తెలిసి, నేనేం నిలబడతలేనని చెబితే, ఇప్పుడే బయటపెట్టొద్దులే అని కన్నుగీటారు. నేను లెక్కవేస్తే ఓట్లు గెలిచేన్ని ఉన్నాయి. రొట్టెలు మాత్రం పొద్దుటివి పొద్దుటిలాగే బుట్టలో మిగిలిపోయేవి. శివరాత్రి దగ్గర పడుతోంది. మా నాన్న ఒక కొత్త తాళం కొని తెచ్చి గూట్లో పెట్టాడు.

అంతలో ఎన్నికల కోడ్ వచ్చింది. గోడల మీద గుర్తులు, నాయకుల బొమ్మలు మూస్తూ వచ్చిన ఇద్దరు ఉద్యోగులు మా దుకాణం ముందు నిచ్చెన వేశారు. నేను పరుగెత్తుకెళ్లి అది గుర్తు కాదని, లోగో అని, దాని వెనకున్న ఆలోచన ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లలో పెద్దాయన ఓపికగా అంతా విన్నాడు.

"నువ్వు చెప్తే నాకు సమజైంది తమ్మీ" అన్నాడు. "గని బోర్డు చూసినోళ్లకందరికీ నువ్వు పక్కన నిలబడి చెప్తవా?"

ఆరు నెలల కోర్సులో నేను నేర్చుకోనిది ఆయన నిచ్చెన మీంచి ఒక్క ముక్కలో చెప్పేసి, నా పెంక మీద పాత పేపర్లు అతికించి వెళ్లిపోయాడు.

నేను మెట్టు మీద కూలబడ్డాను. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. అత్త తిడితే బాగుండు అనిపించింది. ఆమె వచ్చి పక్కన కూర్చుని, ఒక రొట్టె చేతిలో పెట్టింది.

"నీ బొమ్మ మంచిగనే ఉండె బిడ్డా. గని నాకు చదవొచ్చేది, రాయొచ్చేది లోకంల గా ఒక్క పేరే. పొదుపు సంఘంల సంతకం కోసమని నెల రోజులు నేర్చుకున్న. దుకాణం మీద గది చూసుకుందామనుకున్న. నువ్వు గదే తీసేస్తివి."

ఆమె లేచింది. గడపకు పూసే జాజు, అదే ఎర్రమట్టి, గిన్నెలో కలిపింది. స్టూలెక్కి, అతికించిన పేపర్ల మీద గుడ్డ పీలికతో తన పేరు రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం పెసరట్టంత. నేను కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాను. చివరి అక్షరానికి జాగా చాలక అది కిందికి జారింది. అత్త దిగి, వెనక్కి జరిగి, తల పైకెత్తి తన పేరును పైకే చదువుకుంది. రెండోసారి చదువుకుంది. ఆమె ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు నేను చేసిన ఏ బోర్డూ ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

నామినేషన్ల గడువు ముగిసిన మర్నాడు నిచ్చెన ఎక్కిన ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. నామినేషన్ల జాబితాలో ఆ పేరు లేదని చూసుకుని, అయితే సరేనని, రెండు రొట్టెలు తిని ఇంటికి నాలుగు కట్టించుకుపోయాడు. జాబితా సంగతి ఊరంతా తెలిశాక కండువా పటేల్ నేరుగా దుకాణానికి వచ్చి, ప్రచారంలో తిరిగేవాళ్లందరికీ రోజూ రొట్టెలు ఇక్కడి నుంచే అని చెప్పాడు. ఆయనకు అత్త రొట్టెల మీద ఎంత మక్కువో, ఆమె ఎన్నికల్లో లేదన్న సంతోషం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. శివరాత్రి వచ్చింది, పోయింది. గూట్లో ఉన్న తాళాన్ని మా నాన్న తనే తీసి, సైకిల్‌కు వేసుకున్నాడు.

ఆ పేపర్లు చిరిగిపోకముందే నేను వాటిని ఫొటో తీసి, ఆ అక్షరాలతోనే బోర్డు చేయించాను. చివరి అక్షరం సర్దాలా తమ్మీ అని ఫ్లెక్సీ అన్న అడిగాడు. వద్దన్నాను. నా పెంక బొమ్మ ఉంది, ఒక మూలన చిన్నగా. రెండు చిలుకలు కూడా ఉన్నాయి. మా అల్లుడు జేసిండు అని అత్త వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, నేను కాదన్నా వినదు.

ఇప్పుడు నాకు అక్కడికి దగ్గర్లోనే చిన్న ఆఫీసుంది. కళ్లజోడు నిజంగానే అవసరమై పెట్టుకుంటున్నాను. నెమలి కావాలన్నవాళ్లకు నెమలి పెడతాను. ముందు మాత్రం కాగితం, పెన్ను ఇచ్చి, మీ పేరు మీరే రాయండి అంటాను. ఆ గుండ్రటి అద్దాల కుర్రాడు ఇది చూస్తే నవ్వుతాడు, నవ్వనీ.

ఇంతసేపు చెప్పి అత్త పేరు చెప్పలేదని మీకు అనిపించవచ్చు. ఈసారి ఇటు వచ్చినప్పుడు బీర్కూర్ బస్సు ఆగే చోట దిగి, తల పైకెత్తండి. ఎర్రగా, పెద్దగా ఉంటుంది. చివరి అక్షరం మాత్రం కొంచెం కిందికి చూసి చదువుకోవాలి.