సర్వపిండికి నేను రాసిన చరిత్ర

నాకు అక్షరాలు వచ్చిన ఏడాదే మా ఇంటి పరువు మంథనిలో బస్సెక్కి పెద్దపల్లిలో దిగింది. టికెట్టు కొనిచ్చింది నేనే.

యాభై ఎనిమిదేళ్లకు చదువు నేర్చినదానికి ఒక జబ్బుంటుంది. గోడ కనిపిస్తే రాయాలనిపిస్తుంది, రాసిందల్లా నిజమనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పెద్దపల్లిలో మహిళా సంఘాల వంటల పోటీ పెట్టారు. గెలిస్తే బస్టాండు పక్కన క్యాంటీన్ ఇస్తారట. అది దక్కితే దుబాయిలో ఉన్న మొగుణ్ని ఇంటికి పిలిపించుకోవచ్చని నా కోడలు సుజాత ఆశ. నాలుగు రోజులుగా దానికి నిద్ర లేదు, నాకు ఒక్కచోట నిలకడ లేదు.

బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు కలిపి, లోతైన సర్వ గిన్నె లోపలి గోడలకు ఒత్తి, మూతపెట్టి కాలిస్తే సర్వపిండి. నాకది చాలలేదు. దానికి చరిత్ర కావాలి! నేను కాపురానికి రాకముందు నుంచీ కొట్టం అటక మీద పడి ఉన్న ఇత్తడి సర్వను దింపాను.

“అత్తా, గిది ఎవలిదో ఎర్కేనా?”

“అడుగుడెందుకే? మొకం చూస్తెనే నూరేండ్లు కనవడ్తలేవా?”

చింతపండు పెట్టి తోమి, పిండి అందులోనే కాల్చాం. పలక మీద నేనే రాశాను: ‘లోకంలో మొట్టమొదటి సర్వపిండి కాలింది ఈ సర్వలోనే.’

పోటీ రోజు అధికారి మేడం మా దగ్గరికి వచ్చి, ముక్క కొరికి, పలక చదివారు.

“ఎలా పుట్టిందమ్మా ఇది?”

నోరు మూసుకోవచ్చు కదా? మూసుకుంటే మీకీ కథెక్కడిది!

“ఒక దొర గుర్రం దిగి ఆకలైతుందన్నడు మేడం. మా అత్తకు అత్త జల్ది జల్ది గీ సర్వల పిండి ఒత్తింది.”

“ఏ దొర?”

“గుర్రమున్న దొర.”

సుజాత నా కొంగు చిరిగేలా లాగుతోంది. మేడం రెండో ముక్క ముగించి మూడోది అందుకున్నారు. అప్పుడే బస్సు దిగిన మా అత్త చెల్లెలు రాజవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి నా మాటలు విన్నది.

“ఏ దొరనే, నీ మొకం! ఇంట్ల తినే నోళ్లు పది, పొయ్యి ఒక్కటి. ఒక్కొక్క రొట్టె చేస్తె ఎప్పుడు తీరాలె? అందుకే కుండకు ఒత్తి కాల్చిర్రు. గంతే. ఇగ గీ సర్వనా? మా అక్క బర్రెకు కుడితి పెట్టిన సర్వ గదనే!”

మూడో ముక్క మేడం నోటి దగ్గరే ఆగింది.

“మూడుసార్లు తోమినం మేడం,” అంది సుజాత. ఏడుపొక్కటే తక్కువ.

మేడం ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. బర్రెను తలుచుకున్నారో, దొరను తలుచుకున్నారో! మొత్తానికి తిన్నారు.

“ఇంత రుచి ఎక్కడా తినలేదు. క్యాంటీన్ సుజాతకే. కానీ రెండు షరతులు. సర్వ కొత్తది కొనాలి. పలక ఈ పెద్దమ్మకు అందకూడదు.”

కనుక పొయ్యి మీద చెయ్యి పెట్టి, అది ఆరాకే లెండి, ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ తిండికీ పుట్టుక రాయను. ఎవరడిగినా ‘ఉడుకుడుకుగా ఉంది, తినండి’ అంటాను. ఆ మాట కూడా నోటితోనే.