పదకొండు మందికే టికెట్టు

మా ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడేవాళ్ళకంటే వెంట వచ్చేవాళ్ళే ఎక్కువ. తిరుత్తణిలో పొద్దున్నే బండెక్కి తిరువళ్ళూరులో దిగేసరికి ఇరవై ఇద్దరం తేలేవాళ్ళం. నీళ్ళు మోసేవాడొకడు, బంతి మోసేవాడొకడు, ఒకప్పుడు ఆడి ఇప్పుడు సలహాలు మాత్రమే ఇచ్చే పెద్దమనుషులు నలుగురు. అందరికీ టికెట్టు క్లబ్బుదే, ఇడ్లీ క్లబ్బుదే. జిల్లా లీగులో అట్టడుగు డివిజన్, అందులో మళ్ళీ అట్టడుగు జట్టు, అయినా పెళ్ళివారిలా తరలిపోయేవాళ్ళం. బాడుగ బాకీ ఉందని తిరువళ్ళూరు మైదానం వాళ్ళు గేటుకు తాళం వేసి మమ్మల్ని ఎండలో నిలబెట్టిన వారానికి కమిటీ నన్ను సెక్రటరీని చేసింది. మా నేతవీధి కుర్రాళ్ళలో ఎస్సెస్సెల్సీ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. అవి డెబ్బైల చివరి రోజులు. నాకు ఇరవై ఆరేళ్ళు, జాలిపడేవాళ్ళంతా చేతకానివాళ్ళని గట్టిగా నమ్మే వయసు.

నేను చేసిన మొదటి పని టికెట్లు కోయడం. పదకొండు మందికి పదకొండు టికెట్లు, అంతే. మొదటి ఆదివారం ఆ నలుగురు పెద్దమనుషులూ ఉతికిన పంచెలు కట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. బండి కదిలిపోతుంటే వాళ్ళ ముఖాలు కిటికీలోంచి చూశాను. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఎందుకు దాచాలి, ఆ సంతోషం వారమంతా ఉంది.

రెండోది అమావాస్య ఆటలు. మా వీధుల్లో అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఊరంతా ఖాళీగా అరుగుల మీద కూర్చునే రోజు అదొక్కటే. తిరుత్తణిలో ఆడాల్సిన ఆటలన్నీ ఆ రోజులకు మార్పించి, మైదానం చుట్టూ తాటాకు తడికలు కట్టించి, లోపలికి రావాలంటే డబ్బు ఇవ్వాలన్నాను. అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టకూడదని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. అరవవాళ్ళకు అదే మంచిరోజు కదా అన్నాను. రెండు భాషల మధ్య పుట్టినవాడికి ఈ సౌకర్యం ఉంది, ఏది పనికొస్తే అది మన ఆచారం. మూడో అమావాస్యకే మైదానం బాకీ తీరింది. నూలిచ్చి మా వాళ్ళందరి చేతా నేయించుకునే మొదలాళి కూడా ఒక ఆట చూడ్డానికి వచ్చి, పై డివిజన్‌కి ఎక్కితే బూట్లూ బనియన్లూ ఏటేటా తనవే అన్నాడు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆ జట్టులో లెఫ్ట్ బ్యాక్. ఆయనంత మెత్తనివాణ్ణి నేను చూడలేదు. ఎవరింట్లో పందిరి వేస్తున్నా గుంజ పట్టుకునేది ఆయనే. ఎదుటి జట్టువాడు పడిపోయినా లేపి, మట్టి దులిపి, నీళ్ళిచ్చి పంపేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం తిరుత్తణి స్టేషన్‌లో బావ నన్ను పక్కకు పిలిచి పంచె ఎత్తి చూపించాడు. చీలమండ పొంగిన పూరీలా ఉంది.

"బామ్మర్దీ, కాలు వాచుండాది. ఈ పొద్దుకు ఇంకోణ్ని చూస్కోప్పా."

ఇంకొకడు లేడు. పన్నెండోవాణ్ణి స్టేషన్‌కే రావద్దని నేనే చెప్పి ఉన్నాను.

"గట్టిగా కట్టు కట్టుకో బావా. గంటన్నర ఆటే కదా."

"సరి, నువ్వు సెప్పినావంటే సరే," అన్నాడు. మగ్గం మీద మిగిలిన గుడ్డపీలిక ఒకటి జేబులోంచి తీసి చుట్టుకున్నాడు. ఆట రెండో సగంలో ఆ కాలే ముందుకు పెట్టి బంతికి అడ్డుపడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు గీత బయట నిలబడ్డ నాకు వినిపించింది. మార్చడానికి మనిషి లేడు కనుక మిగతా పదిమందీ ఆడి, ఒక్క గోలుతో గెలిచారు. నేను ముందు గెంతాను, ఆ తరవాతే బావ దగ్గరికి పరిగెత్తాను.

ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. అమావాస్య ఆటల పాపమే తగిలిందని మా అమ్మ ఏడ్చింది. తప్పు అమావాస్యదైతే నాకేం కష్టం.

గుంట మగ్గం నేసేవాడికి చేతులెంతో కాళ్ళూ అంతే. గుంటలోకి కాళ్ళు దించి కింది చెక్కలు తొక్కితేగాని పడుగు తెరుచుకోదు. అందుకే మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. ఆటలో ఎవడి కాలు విరిగినా మిగతావాళ్ళు సాయంత్రాలు వంతులేసుకుని వాడి మగ్గంలో కూర్చునేవారు. వాడు లేచి నిలబడేదాకా వాడి పడుగు వీళ్ళు నేసేవారు, కూలి వాడికే చేరేది. ఎవరూ రాసిపెట్టలేదు, క్లబ్బు పుట్టినప్పటినుంచీ అట్లా జరుగుతూ వచ్చింది. బావ అయితే తన జీవితంలో ముగ్గురి మగ్గాలు తొక్కాడు.

రెండో రోజు సాయంత్రం ప్రాక్టీసుకు అయిదుగురే వచ్చారు. నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. మా సెంటర్ హాఫ్ గుంటలో కూర్చుని నేస్తున్నాడు, మిగతావాళ్ళు వంతుకోసం గోడవారగా కూర్చుని టీ తాగుతున్నారు. మంచం మీద బావ కట్టుకాలు చాపుకుని వాళ్ళతో నవ్వుతున్నాడు. పై డివిజన్‌కి ఎక్కించే ఆట ఇంక మూడు వారాలే ఉంది. నాకు పిచ్చికోపం వచ్చింది.

"ఈ మగ్గంలో దిగినోడెవడూ ఆ పొద్దు బండెక్కడు. బూట్లు కావాల్నంటే ఇప్పుడే లేసి రాండి."

"వారానికి రెండు దినాలన్నా వస్తామన్నా," అన్నాడు సెంటర్ హాఫ్.

"ఒక్క దినం కూడా లేదు."

కండెలు చుడుతున్న అక్క లేచి నిలబడింది. "మీ బావ కాలు ఎవురికోసరం ఇరిగిందిరా?"

"ఆటన్నాక ఇరగతాదిక్కా. క్లబ్బేమన్నా ఆస్పత్రా?"

ఆ మాట నాకు నచ్చింది కూడా. బయటికి నడుస్తూ మనసులో ఇంకోసారి అనుకున్నాను. ఒక్కొక్కడే లేచి, అక్క ముఖం చూడకుండా నా వెనక వచ్చాడు. సెంటర్ హాఫ్ గుంటలోంచి పైకి రావడానికి బావే చెయ్యి అందించాడు.

మరుసటి కమిటీలో దాన్ని రూలుగా రాశాను. సీజన్ జరిగే నెలల్లో ఆటగాడెవడూ ఇంకొకరి మగ్గంలో కూర్చోరాదు. నెల తిరక్కుండా మొదలాళి మనిషి వచ్చి బావ మగ్గం మీద సగం నేసిన పడుగును కోసి, చుట్టుకుని, ఇంకొకరికి ఇచ్చేశాడు. మొదలాళితో ఒక్క మాట చెప్పి ఆపించగలిగేవాణ్ణి. ఆయనకు బూట్ల కొలతలు పంపి రెండు రోజులే అయింది, చెప్పలేదు.

ఆ ఆట గెలిచాం, పై డివిజన్‌కి ఎక్కాం. బావ కాలు వంకరగా అతుక్కుంది, చెక్క మీద సరిగ్గా ఆనదు. మగ్గం ఊడదీసి అటక మీద పడేశారు. ఆయన పొద్దున బండికి పట్టాభిరామ్ పోయి ఒక చిన్న వర్క్‌షాపులో కూర్చుని మరలూ నట్లూ ఏరేవాడు. అక్క ఊరివాళ్ళ కండెలు చుట్టేది. నేను కనిపిస్తే నీళ్ళిచ్చేది, మాట మాత్రం ఇచ్చేది కాదు.

మూడేళ్ళు తిరిగేసరికి మా క్లబ్బు ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కర్లేని క్లబ్బయింది. తడికల చోట రేకులు వచ్చాయి. మొదలాళి మానుకున్నా నడిచేంత డబ్బు గేటు దగ్గరే వచ్చేది. అప్పుడు నాకు జాలిపడే తీరిక దొరికింది. బావను కమిటీలో వేయించాను, ఆదివారం సాయంత్రం కూడేవాళ్ళం. ఆయన మూల కూర్చుని టీ తాగి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళేవాడు. ఏదో కొంత తీర్చుకున్నానని నేను హాయిగా ఉన్నాను.

ఆ ఏడే కొత్తగా చేరిన ఒక ఫార్వర్డ్ కాలు విరిగింది. పెళ్ళయి నాలుగు నెలలు, అప్పుగా తెచ్చిన మగ్గం, దాని మీద మొదటి పడుగు. రూలు ఎత్తేద్దామని కమిటీలో నేనే లేచి చెప్పాను. ఇప్పుడు మన దగ్గర పద్దెనిమిది మంది ఆటగాళ్ళున్నారు, ప్రాక్టీసు చెడదు, కుర్రవాడి మగ్గం నిలుస్తుంది అన్నాను. గొంతులో తడి కూడా తెచ్చుకున్నాను. అందరూ బావ వైపు చూశారు. నేనూ ఆశగా చూశాను. ఆయన సరేనంటే నేను బయటపడిపోతాను.

బావ గ్లాసు కింద పెట్టాడు. నిదానంగా మాట్లాడాడు.

"ఆ రూలుతోనే గదా క్లబ్బు బాగుపడింది. నా మగ్గం ఎవురూ తొక్కలేదు. వాంది యాల తొక్కల్ల?"

ఎవరో ఏదో అనబోయారు. బావ వినలేదు. కుంటి కాలు బల్ల కిందికి జరుపుకుని, రూలు ఉండాలని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆ ముఖంలో నేను వెతికిన మనిషి లేడు. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి, కోపంగా కూడా కాదు, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు. ఒక్కొక్క చెయ్యే లేచింది. ఆయన చూస్తుండగా ఎత్తకుండా ఉండే ధైర్యం నాకు లేకపోయింది. నేనూ ఎత్తాను.