ఎడమ సీటు

సాలూరు లారీ ఆఫీసులో బుకింగు గుమస్తా నరసింగరావుకి లోకంలో ఉన్నవి రెండే: పెళ్లాం పద్మకుమారి, కారు. పిల్లల్లేరు. ఆ రెండింట్లో ఏది ముందో పద్మకుమారికి బాగా తెలుసు.

ఆ కారు ఒక జమీందారు యుద్ధానికి ముందు సీమ నుంచి ఓడ మీద తెప్పించుకున్నది. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, వెనక్కి జారిన కప్పు. పరుగు కోసమే చేసిన కారు. జమీందారీ పోయాక షెడ్డులో కోళ్లు అందులో గుడ్లు పెడుతుంటే, నరసింగరావు ఎద్దుల్ని కట్టి లాగించి తెచ్చుకున్నాడు. దానికి సామాను ఎక్కడా దొరకదు. లారీ గొట్టాలు కోసి అతికించడం, కార్బురేటరు కడగడం, ఆదివారమంతా దాని కింద పడుకోవడం. అదే అతని కాపురం.

“దాని పొట్ట కింద దూరినంత సేపు నా పక్కన కూకున్నావేటి ఎప్పుడైనా?” అనేది పద్మకుమారి.

“నువ్వొచ్చి దాని పక్క సీట్లో కూకో మరి. ఇద్దరి కాడా ఉన్నట్టవుతాది.”

“సచ్చినా కూకోను.”

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ముందు ఏడాది దాకా కూర్చునేది. మానేయడానికి కారణం ఉంది.

ఆ కాలపు కార్లకి రేకు పైపైనే. లోపల ఎముకలన్నీ కర్ర. ఎడమ తలుపు మోసే నిలువు కొయ్యకి చెద పట్టి పిండి రాలింది. లారీ బాడీలు కట్టే వడ్రంగి కూర్మయ్య మంచి కొయ్య తెమ్మన్నాడు. సరిగ్గా అప్పుడే సముద్రం ఒడ్డు కోనాడ నుంచి ఎండుచేపల లోడు దిగింది. బస్తాల అడుగున పరిచిన పలకల్లో ఒకటి నల్లగా, ఇనుములా ఉంది. అంచున వరసగా కన్నాలు.

“ఉప్పునీళ్లు తాగిన కొయ్య, బావూ. సెద దీని జోలికి రాదు,” అన్నాడు కూర్మయ్య.

ఎవరిదని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మెట్టవాళ్లకి కొయ్యంటే కొయ్యే.

కొయ్య అతికినట్టు కుదిరింది. ఆ వారం నుంచే, చుట్టూ కొండలు తప్ప సముద్రం జాడలేని ఊళ్లో, ఎడమ సీటు తోలు మీద పొద్దున్నే తెల్లగా ఉప్పు పేరేది. తుడిస్తే మర్నాటికి మళ్లీ. ఎవరూ కూర్చోకుండానే స్ప్రింగులు మనిషి బరువుకి దిగినంత దిగి ఉండేవి. రోడ్డు తూర్పుకి తిరిగిందంటే ఎడమ తలుపు దానంతటదే తెరుచుకునేది. గడియ మార్చాడు. తెరుచుకుంది. తాడుతో కట్టాడు. పొద్దున చూస్తే తాడు ముడి విప్పి, గుండ్రంగా చుట్టి, సీటు మీద పెట్టి ఉంది.

అది చూసే పద్మకుమారి దండం పెట్టి దిగిపోయింది. నరసింగరావు దిగలేదు. గుంట వచ్చినప్పుడల్లా, పక్కకి చూడకుండా, “గుంటొస్తాది, కాసుకో” అనేవాడు. భయంతో మొదలైన మాట. అనగా అనగా మర్యాద అయిపోయింది.

కోనాడ నుంచి ఎండుచేపల గంపతో లారీ మీద సంతకి వచ్చే దానమ్మ ఒక మధ్యాహ్నం ఆఫీసు ముందు కారు దగ్గర ఆగింది. తలుపు పక్క గుడ్డ ఊడదీసి ఉంది, పలక బయటికి కనిపిస్తోంది. ఆవిడ గంప దింపకుండానే కన్నాల వెంట వేలు పోనిచ్చింది. ఒకచోట వేలు ఆగిపోయింది.

“ఇది మా పడవ పలక. ఈ కన్నాల్లో తాడేసి కుట్టింది మేమే. ఇదిగో, ఇది తప్పు కన్నం. మేకు కొట్టి మూసినాడు. నాను నవ్వినానని రెండ్రోజులు మాటాడనేదు.”

“ఎవులు?”

“మా ఇంటాయన. సముద్రం మీద ఏటకెల్లి రెండేళ్లయ్యింది. పలకలొచ్చినాయి. మనిషి రానేదు.”

పలక అడిగితే ఇవ్వక తప్పదు. ఇస్తే కారు పోయినట్టే. ఇంకోసారి ఎడమ పక్క విప్పితే పాత కర్రంతా పొడైపోతుందని, కారు ఇక నిలబడదని కూర్మయ్య ముందే చెప్పాడు.

“పలక కావాలేటి?” అని గొణిగాడు.

దానమ్మ సీటు మీది ఉప్పు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. మనిషి కూర్చున్నట్టు కుంగిన సీటుని అరచేత్తో తడిమింది.

“పలకేటి సేసుకోను? ఈ మనిషిని మా ఒడ్డున దింపీ, బావూ. అప్పటికీ దిగకపోతే పలక పీకించీ.”

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. దానమ్మ సీట్ల వెనక సామాను చోటులో గంపతో ముడుచుకుని కూర్చుంది. ముందుకి రమ్మంటే, “ఆయన కూకున్నాడు కదేటి?” అంది.

కోనాడ చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. మగవాళ్లంతా వేటకి పోయారు. ఒడ్డు మీద పురుగు లేదు. నరసింగరావు కారు ముక్కు సముద్రానికి పెట్టి ఆపాడు. నిండా తూర్పు. తలుపు తెరుచుకోలేదు. ఏడాదిలో మొదటిసారి.

“పేరెట్టి పిలవాలేమో,” అన్నాడు. లారీ ఆఫీసులో అంతే. పేరు అరిస్తేనే సరుకు దిగుతుంది. “పేరేటి?”

దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పొద్దున్నే అదిగో, నీళ్లలోంచి లేస్తాడే, ఆ పేరే.”

“సూరయ్యేటి?”

తలూపింది.

“సూరయ్యా!” అని అరిచాడు. గొంతు పగిలేలా మళ్లీ అరిచాడు. సీటు అలాగే కుంగి ఉంది. నరసింగరావు మనసులో కారు అప్పుడే ముక్కలు ముక్కలుగా కూలిపోయింది.

“పరాయోడు పిలిస్తే ఇది మా ఒడ్డని ఎలగ తెలుస్తాది?” అంది దానమ్మ. దిగి తలుపు దగ్గరకి వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆవిడ నోట రాలేదు. పెదాలు కదిలి ఆగిపోయాయి. మళ్లీ కదిలాయి. తర్వాత, నిద్రపోయేవాణ్ని లేపేంత మెల్లగా అంది.

“సూరయ్యా. ఒడ్డొచ్చినాది. దిగు.”

తలుపు తెరుచుకుంది, విసురుగా కాదు, లోపలి మనిషి చూసుకుని తీసినట్టు. స్ప్రింగులు ఒక్కొక్కటే కిర్రుమంటూ పైకి లేచాయి. కారు ఎడమ పక్క వేలెడు పైకొచ్చింది.

దానమ్మ దారిచ్చి పక్కకి జరిగింది.

“ఎనక్కి సూడకు, బావూ. ఎల్లు.”

అతను చూడలేదు. కానీ గొంతు వినబడింది. ఆవిడ నీళ్ల వైపు నడుస్తూ ఏదో చెబుతోంది. మధ్యలో ఆగుతోంది, అవతలి మాట వింటున్నట్టు.

పలక కారులోనే ఉండిపోయింది. ఉప్పు మళ్లీ పేరలేదు. కొన్నాళ్లకి పద్మకుమారి వచ్చి తోలు తడిమి, వాసన చూసి, కూర్చుంది. బొబ్బిలి పోతున్నారు. రోడ్డు తూర్పుకి తిరిగింది. తలుపు కదలలేదు. మలుపు దాటగానే గుంట.

“గుంటొస్తాది, కాసుకో,” అన్నాడు నరసింగరావు, పక్కకి చూడకుండా.

“కాసుకున్నాన్లే. ఇన్నాళ్లకి కలిగినాది నామీద దయ,” అంది పద్మకుమారి.

ఆవిడ బాగా ఒళ్లున్న మనిషి. అయినా సీటు సూరయ్య కూర్చున్నప్పుడు దిగినంత లోతుకి దిగలేదు. ఆ సంగతి నరసింగరావు ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.